ఓటమి లేదు, పిలుపూ లేదు

1951 నవంబరు చివర్లో యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టు ఆ సీజన్‌లో తొమ్మిదో ఆట ఆడింది, తొమ్మిదోసారి గెలిచింది. ఆ తొమ్మిదింటిలో ఓటమి లేదు, సమంగా ముగిసినదీ లేదు. కొద్ది వారాల తర్వాత ఆ కాలేజీ తన ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేసింది. ఓడిన జట్లను మూసేసిన కాలేజీలు అమెరికాలో చాలానే ఉన్నాయి. ఒక్క ఆటా ఓడని జట్టును ఆ ఏడాదే మూసేయడం మాత్రం అరుదు. డాన్స్ అని పిలుచుకునే ఆ జట్టు కథ తెలియాలంటే ఆ ఒక్క సీజన్ చాలదు, అంతకు ముప్పై అయిదేళ్ల వెనక్కీ ఇరవై ఏళ్ల ముందుకీ చూడాలి.

ముందుగా ఆట గురించి రెండు ముక్కలు. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికావాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో కోడిగుడ్డు ఆకారపు బంతిని ఎక్కువగా చేత్తోనే పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. పక్షానికి పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఎదురొచ్చినవాణ్ణి ఒంటితో గుద్ది పడేయడం ఆటలో భాగమే. కాబట్టి ఎవరినైనా కావాలని గాయపరచాలనుకుంటే అందుకు చోటు పుష్కలంగా ఉంటుంది.

ఆటకంటే విచిత్రమైంది సీజన్ ముగిసే తీరు. ఆ రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్‌కి ఫైనల్ అనేది లేదు. పత్రికల వాళ్లు ఓట్లేసి వరస ర్యాంకులు ఇచ్చేవారు, అసోసియేటెడ్ ప్రెస్ 1936 నుంచి ఆ పని చేస్తోంది. ఆపైన జనవరి ఒకటో తేదీ ప్రాంతాల్లో బౌల్ ఆటలుండేవి. పాసడీనా పూల ఉత్సవంలో భాగంగా 1902లో మొదటిది జరిగింది, 1916 నుంచి ఏటా సాగింది. అదే రోజ్ బౌల్. చలికాలంలో జనాన్ని రప్పించుకోవాలని మయామీ ఆరెంజ్ బౌల్‌నూ, న్యూ ఆర్లియన్స్ షుగర్ బౌల్‌నూ 1935లో పెట్టుకున్నాయి, డాలస్ 1937లో కాటన్ బౌల్ పెట్టుకుంది. వీటికి జట్లు గెలిచి వచ్చేవి కావు. ఊళ్లోని పెద్దమనుషుల కమిటీ పిలిస్తే వచ్చేవి. పిలుపుతో పాటు డబ్బూ వచ్చేది.

పెళ్లికి పిలుపు రానివాడు ఎందుకు పిలవలేదని అడగలేడు కదా. సీజన్ ఫలితం ఒక ఆహ్వానం చేతిలో ఉన్నప్పుడు ఎవరినైనా దూరం పెట్టడానికి కాగితం మీద నిషేధం రాయాల్సిన పనిలేదు.

ఇలా దూరం పెట్టడం 1951కి చాలాముందే మొదలైంది. దక్షిణాది కాలేజీలు నల్లవాడున్న జట్టుతో ఆడేవి కావు. ఉత్తరాది కాలేజీ దక్షిణాదికి వెళ్లినా, అక్కడివాళ్లు ఇక్కడికొచ్చినా, తన నల్ల ఆటగాణ్ణి ఆ రోజుకి పక్కన కూర్చోబెట్టాల్సి వచ్చేది. దీన్ని పెద్దమనుషుల ఒప్పందం అనేవారు. 1916లో వాషింగ్టన్ అండ్ లీ కాలేజీ అభ్యంతరం చెబితే రట్గర్స్ తన జట్టులోని ఒక్క నల్లవాణ్ణి ఆడనివ్వలేదు. అతని పేరు పాల్ రోబ్సన్. వామపక్ష సాంస్కృతికోద్యమాల నీడలో పెరిగిన మన పెద్దవాళ్లకి అతను గాయకుడిగా తెలుసు. ఆ తర్వాతి రెండేళ్లూ అతను దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్ల జాబితాకెక్కిన ఫుట్‌బాల్ వీరుడన్న సంగతి అంతగా తెలియదు. 1923 అక్టోబరులో అయోవా స్టేట్ కాలేజీ మొదటి నల్ల ఆటగాడు జాక్ ట్రైస్ మిన్నెసోటాతో ఆటలో తొక్కిసలాటలో నలిగి రెండు రోజుల తర్వాత చనిపోయాడు. కావాలని చేశారా, ఆటలో జరిగిందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఆ కాలేజీ స్టేడియానికి అతని పేరు పెట్టడానికి 1997 వరకూ పట్టింది.

మనవాళ్ల ప్రస్తావన వచ్చే ఘట్టం 1937లోది. సిరక్యూస్ యూనివర్సిటీలో విల్మెత్ సిడాట్ సింగ్ అనే ఆటగాడుండేవాడు. పుట్టుకతో నల్లజాతివాడు. తండ్రి పోయాక తల్లి ఇండియా నుంచి వెళ్లిన వైద్య విద్యార్థి శామ్యూల్ సిడాట్ సింగ్‌ని పెళ్లాడింది, ఆయన ఈ పిల్లవాణ్ణి దత్తు తీసుకుని తన పేరిచ్చాడు. పేరు చూసి పత్రికలు ఇతన్ని 'హిందువు' అని రాశాయి, కాలేజీ కాదనలేదు. ఆ రోజుల్లో అమెరికాలో భారతీయుడంటే మతంతో పనిలేకుండా హిందువే. బాల్టిమోర్‌లో మేరీలాండ్‌తో ఆట ముందు శామ్ లేసీ అనే నల్లజాతి పాత్రికేయుడు అసలు సంగతి అచ్చువేశాడు. అతనుంటే తాము ఆడబోమని మేరీలాండ్ వాళ్లన్నారు, సిరక్యూస్ తన మేటి ఆటగాణ్ణి పక్కన కూర్చోబెట్టి 13-0తో ఓడిపోయింది. మరుసటేడు సిరక్యూస్‌లో జరిగిన ఆటలో సిడాట్ సింగ్ ఆడాడు, అతని జట్టు 53-0తో గెలిచింది.

ఈ ఘట్టంలో నన్ను పట్టి నిలిపేది ఇంకొకటుంది. 1923లోనే అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయుడు తెల్లవాడి కిందికి రాడనీ, పౌరసత్వానికి పనికిరాడనీ తీర్పు చెప్పింది. పౌరుడు కాలేని 'హిందువు' బాల్టిమోర్ మైదానంలో ఆడవచ్చు, ఆ దేశంలో పుట్టిన పౌరుడు ఆడకూడదు. జాతి గీత ఎంత తలాతోకా లేనిదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. సిడాట్ సింగ్ రెండో ప్రపంచయుద్ధంలో నల్లజాతి పైలట్ల దళమైన టస్కీగీ ఎయిర్‌మెన్‌లో చేరాడు. 1943లో శిక్షణలో ఉండగా ఇంజన్ చెడి విమానం హ్యూరన్ సరస్సులో పడి చనిపోయాడు. అప్పటికి పాతికేళ్లు.

ఇంకో ఘట్టం ఎందుకు చెబుతున్నానంటే, శాన్ ఫ్రాన్సిస్కో కథతో పోల్చి చూడాల్సింది అదే. బోస్టన్ కాలేజీ జట్టుకి 1940లో కాటన్ బౌల్ నుంచీ, 1941లో షుగర్ బౌల్ నుంచీ పిలుపులొచ్చాయి. జట్టులో లూ మాంట్‌గొమరీ అనే నల్ల ఆటగాడున్నాడు. కాలేజీ అతన్ని ఆడించకుండానే రెండు పిలుపులూ అందుకుంది, రెండో ఆట గెలిచింది కూడా. బోస్టన్ కాలేజీ జెస్యూట్ ఫాదర్లు నడిపే కేథలిక్ సంస్థ. యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో కూడా సరిగ్గా అదే.

యుద్ధం తర్వాత గాలి కొంచెం మారింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ సైన్యం నుంచి తిరిగొచ్చి ప్రభుత్వ ఖర్చుతో కాలేజీల్లో చేరారు. 1946లో మయామీ వాళ్లు నల్ల ఆటగాళ్లను తేవద్దంటే పెన్ స్టేట్ ఆటనే రద్దు చేసుకుంది. 1947లో నల్ల ఆటగాడు జాకీ రాబిన్‌సన్ మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అడుగుపెట్టాడు. 1948 జనవరి 1న డాలస్ కాటన్ బౌల్‌లో పెన్ స్టేట్ తరఫున వాలీ ట్రిప్లెట్, డెనీ హోగార్డ్ ఆడారు. డాలస్ హోటళ్లు కలిపి ఉండనివ్వవు కనుక జట్టంతా ఊరి బయట నౌకాదళ స్థావరంలో దిగింది. ఆట 13-13తో సమమైంది, స్కోరు సమం చేసిన టచ్‌డౌన్ ట్రిప్లెట్‌దే. గోడకి బీట పడిందనిపించింది. కానీ డాలస్‌లో పడిన బీట మయామీ దాకా రాలేదు.

ఇక 1951. డాన్స్ కోచ్ జో కుహారిచ్ కఠినుడు, కసరత్తులతో పిండేసేవాడు. జట్టులో ఇద్దరు నల్లవాళ్లు. ఒకరు బంతి పట్టుకుని పరిగెత్తే ఆలీ మాట్సన్, రెండోవారు ఎదుటివాళ్లను అడ్డుకునే లైన్‌బ్యాకర్ బర్ల్ టోలర్. తోటివాళ్లలో జీనో మార్కెటీ ఇరవై ఏళ్లైనా నిండకముందే ఐరోపా యుద్ధరంగంలో బల్జ్ పోరాటం చూసొచ్చినవాడు. బాబ్ సెయింట్ క్లెయిర్ ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, పచ్చి మాంసం తింటాడని పేరు. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ఎడ్ బ్రౌన్. ఇంత చిన్న కాలేజీలో ఇంతమంది ఒకేసారి ఎలా పోగయ్యారో ఇప్పుడు చూసినా ఆశ్చర్యమే. జట్టు గొప్పలు పత్రికలకెక్కించే పని పీట్ రోజెల్ అనే కుర్రాడిది. ఆ పేరు మళ్లీ వస్తుంది.

శాన్ హోసే స్టేట్‌ని రెండుసార్లు ఓడించారు, మొదటిసారి 39-2, రెండోసారి 42-7. ఐడహో, శాంటా క్లారా వంటి జట్ల మీదా, సైనిక శిబిరాల జట్ల మీదా గెలిచారు. గట్టి పోటీ ఇచ్చింది న్యూయార్క్‌లో ఫోర్డమ్. అక్కడ మాట్సన్ ఎదుటివాళ్లు తన్నిన బంతిని అందుకుని రెండుసార్లు తొంభై గజాలకు తక్కువ కాకుండా మైదానమంతా పరిగెత్తి టచ్‌డౌన్లు చేశాడు. డాన్స్ 32-26తో బయటపడ్డారు. తూర్పు తీరపు రచయితలకి అతన్ని చూపించాలన్న రోజెల్ కోరిక కూడా తీరింది. సీజన్ మొత్తంలో మాట్సన్ 1,566 గజాలు పరిగెత్తాడు, ఆ ఏడాది దేశంలో అంత ఎవరూ పరిగెత్తలేదు. అయినా ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓట్లలో అతనిది తొమ్మిదో స్థానం. ట్రోఫీ ప్రిన్స్‌టన్ ఆటగాడు డిక్ కాజ్‌మయర్‌కి వెళ్లింది.

అదే సీజన్‌లో అక్టోబరు 20న ఓక్లహోమా రాష్ట్రంలోని స్టిల్‌వాటర్‌లో ఇంకో ఆట జరిగింది. డ్రేక్ యూనివర్సిటీ నల్ల ఆటగాడు జానీ బ్రైట్ బంతిని వేరేవాడికిచ్చి ఖాళీ చేతులతో నిలబడి ఉండగా ఓక్లహోమా ఏ అండ్ ఎం ఆటగాడొకడు వచ్చి ముఖం మీద మోచేత్తో కొట్టాడు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. దవడ విరిగింది. విరిగిన దవడతోనే బ్రైట్ ఒక టచ్‌డౌన్ పాస్ విసిరి ఆ తర్వాతే మైదానం వదిలాడు. డె మొయిన్ రిజిస్టర్ ఫొటోగ్రాఫర్లు జాన్ రాబిన్‌సన్, డాన్ అల్టాంగ్ వరసగా తీసిన ఫొటోలు ఆ దెబ్బను దాచడానికి వీల్లేకుండా చేశాయి, మరుసటేడు వాళ్లకి పులిట్జర్ వచ్చింది. బ్రైట్ కాలేజీ నిరసనగా తన కాన్ఫరెన్సునే, అంటే తానున్న కాలేజీ జట్ల కూటమినే, వదిలేసింది. ఏ అండ్ ఎం వారసురాలైన ఓక్లహోమా స్టేట్ క్షమాపణ చెప్పింది 2005లో, బ్రైట్ పోయిన రెండు దశాబ్దాల తర్వాత.

అలాంటి సీజన్ చివర్లో డాన్స్ స్టాక్‌టన్ వెళ్లి కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌ని 47-14తో ఓడించారు. పిలుపు వస్తుందనే అందరూ అనుకున్నారు. రోజ్ బౌల్ అప్పటికే రెండు కాన్ఫరెన్సుల మధ్య ఒప్పందానికి కట్టుబడి ఉంది, ఏ కాన్ఫరెన్సులోనూ లేని డాన్స్‌కి అందులో చోటు లేదు. మిగిలిన పెద్ద బౌల్స్ అన్నీ దక్షిణాదివే. ఆటగాళ్లు తర్వాత చెప్పిన ప్రకారం కబురు ఇలా వచ్చింది: మాట్సన్, టోలర్ లేకుండా వస్తే ఆరెంజ్ బౌల్ సిద్ధం. ఇద్దర్నీ వదిలి వెళ్లడం గురించి జట్టులో చర్చ కూడా జరగలేదని మార్కెటీ, సెయింట్ క్లెయిర్ ముసలితనంలో కూడా చెబుతూ వచ్చారు. పదేళ్ల ముందు బోస్టన్‌లో పెద్దలు తీసుకున్న నిర్ణయానికి ఇక్కడ కుర్రాళ్లు ఎదురు నిర్ణయం తీసుకున్నారు.

దీనికి ఎదురు వాదన ఉంది, అందులో కొంత బలమూ ఉంది. డాన్స్ ఆడిన జట్లలో సగం బలహీనమైనవి, సైనిక శిబిరాల జట్లను లెక్కలోకి తీసుకోకూడదు, పత్రికల ర్యాంకుల్లో వాళ్లది 14వ స్థానమే కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే. కానీ డాన్స్ చేతిలో 33 పాయింట్ల తేడాతో ఓడిన పసిఫిక్‌కి టెక్సస్‌లోని సన్ బౌల్ నుంచి పిలుపొచ్చింది. పసిఫిక్ వెళ్లింది, టెక్సస్ టెక్ చేతిలో 25-14తో ఓడింది. ఓడినవాడి బలం సరిపోయి గెలిచినవాడి బలం సరిపోకపోవడం నాకు అర్థం కాదు. ఆరెంజ్ బౌల్‌లో జార్జియా టెక్, బేలర్ ఆడాయి. రెండూ తెల్ల జట్లే.

నష్టాల్లో ఉన్న జట్టుకి బౌల్ డబ్బు ఊపిరి పోసేది. అది రాలేదు, కాలేజీ ఫుట్‌బాల్‌కి స్వస్తి చెప్పింది. ఒక్క జాతి వివక్ష వల్లే మూతపడిందంటే అతిశయోక్తి అవుతుంది. టెలివిజన్ వచ్చాక స్టేడియాలకి జనం తగ్గి, ఆ ప్రాంతపు కేథలిక్ కాలేజీలన్నీ వరసగా ఫుట్‌బాల్ మానేస్తున్న రోజులవి. సెయింట్ మేరీస్ అప్పటికే మానేసింది, శాంటా క్లారా ఆ తర్వాత మానేసింది. చావు తప్పేది కాదేమో, కానీ ఆ ఒక్క పిలుపు వస్తే ఇంకొన్నేళ్లు వాయిదా పడేది. చదువు పూర్తికాని సెయింట్ క్లెయిర్ చివరి సీజన్ ఆడటానికి టల్సాకి మారాల్సి వచ్చింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఇదే కాలేజీ కొన్నేళ్లకే బిల్ రస్సెల్, కేసీ జోన్స్ అనే ఇద్దరు నల్ల ఆటగాళ్లను ముందుంచుకుని బాస్కెట్‌బాల్‌లో 1955, 1956 జాతీయ టైటిళ్లు కొట్టింది. అక్కడ టోర్నమెంట్ ఉంది. గెలిచినవాణ్ణి ఆపడం కష్టం.

జట్టు చెదిరిపోయింది, మనుషులు మాత్రం ఎదిగారు. మాట్సన్ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్లి 400 మీటర్ల పరుగులో కంచు, రిలేలో వెండి తెచ్చాడు. మనం ఆ ఒలింపిక్స్‌ని హాకీ బంగారంతోనూ, కుస్తీలో కేడీ జాదవ్ తెచ్చిన కంచుతోనూ గుర్తు పెట్టుకున్నాం. తర్వాత మాట్సన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కి వెళ్లాడు. 1959లో లాస్ ఏంజలెస్ రామ్స్ అతని ఒక్కడి కోసం తొమ్మిది మంది లెక్కన ఇచ్చి తెచ్చుకుంది. ఆ బేరం కుదిర్చిన మేనేజరు పాత ప్రచారకర్త పీట్ రోజెల్. మరుసటేడు రోజెల్ మొత్తం లీగ్‌కి కమిషనరయ్యాడు. 1989 వరకూ ఆ కుర్చీలో ఉండి టెలివిజన్ ఒప్పందాలతో, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌తో ఆ లీగ్‌ను ఇప్పుడు మనం చూసే స్థాయికి తెచ్చాడు. మాట్సన్, మార్కెటీ, సెయింట్ క్లెయిర్ ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కారు. ఒక్క కాలేజీ జట్టు నుంచి ముగ్గురు!

నాకు అందరికంటే ఎక్కువ ఆసక్తి కలిగించేది టోలర్. 1952లో షికాగోలో ఒక ప్రదర్శన ఆటలో మోకాలు దెబ్బతినడంతో ప్రొఫెషనల్ ఆట మొదలవకుండానే ముగిసింది. బడిపంతులయ్యాడు, తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో మిడిల్ స్కూల్ ప్రిన్సిపాలయ్యాడు. 1965లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో అంపైరింగ్ బృందంలో చేరాడు. అమెరికా పెద్ద లీగుల్లో ఏ ఆటలోనైనా ఆ పని చేసిన మొదటి నల్లవాడు అతనే. ఒకప్పుడు మైదానంలోకి రావద్దన్నవాణ్ణి ఇప్పుడు మైదానంలో తప్పొప్పులు చెప్పమన్నారు. 1980లో సూపర్ బౌల్‌లోనూ విధులు నిర్వహించాడు.

దక్షిణాది మారిన క్రమం ఇంకో ఇరవై ఏళ్లది. 1955 డిసెంబరు తొలిరోజుల్లో, అలబామాలోని మోంట్‌గొమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ తెల్లవాడి కోసం బస్సు సీటు నుంచి లేవనన్న వారంలోనే, జార్జియా గవర్నర్ మార్విన్ గ్రిఫిన్ తమ జార్జియా టెక్ షుగర్ బౌల్‌కి వెళ్లకూడదన్నాడు. ఎదుటి జట్టు పిట్స్‌బర్గ్‌లో బాబీ గ్రియర్ అనే నల్లవాడున్నాడని కారణం. ఈసారి జార్జియా టెక్ తెల్ల విద్యార్థులే గవర్నర్‌కి వ్యతిరేకంగా వీధిలోకి వచ్చారు. సమానత్వం కోసమో, బౌల్ ఆట పోతుందనో చెప్పలేను, బహుశా రెండోదే ఎక్కువ. గ్రియర్ ఆడాడు. ఆ కొద్ది నెలలకే లూయీజియానా తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడకూడదని చట్టం చేసింది. పెద్దమనుషుల ఒప్పందం పనిచేయడం మానేశాకే కాగితం అవసరమైంది. ఆ చట్టం కోర్టుల్లో నిలవలేదు.

1964 పౌరహక్కుల చట్టం తర్వాత ఒక్కో కాలేజీ తలుపు తీసింది. 1967లో కెంటకీ తరఫున నేట్ నార్తింగ్‌టన్ సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్సులో ఆడిన మొదటి నల్లవాడు. 1970 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో సదర్న్ కాలిఫోర్నియా జట్టు అలబామాని 42-21తో చితక్కొట్టింది. శామ్ కనింగ్‌హామ్ 135 గజాలు పరిగెత్తాడు. ఆ ఒక్క సాయంత్రం అలబామా కళ్లు తెరిపించిందని కథ ప్రచారంలో ఉంది. కథ బాగుంది కానీ పూర్తి నిజం కాదు, అప్పటికే అలబామా విల్బర్ జాక్సన్ అనే నల్ల కుర్రాణ్ణి తీసుకుని ఉంది. గెలవాలంటే నల్లవాళ్లు కావాలన్న లెక్క కోచ్‌లకి ముందే తెలుసు, ఓటమి అభిమానులకి తెలియజెప్పింది.

డాన్స్‌కి మర్యాదలు ఆలస్యంగా వచ్చాయి. 2006లో కాలేజీ బతికున్నవాళ్లకి గౌరవ డాక్టరేట్లిచ్చింది. 2008లో ఫియెస్టా బౌల్ వాళ్లను పిలిచి సన్మానించింది. టోలర్ 2009లో, మాట్సన్ 2011లో పోయారు.

పిలుపు పద్ధతి మాత్రం ఆ తర్వాత కూడా కొనసాగింది. 2023లో ఫ్లోరిడా స్టేట్ పదమూడుకి పదమూడు గెలిచింది, అయినా నాలుగు జట్ల చివరి పోటీకి కమిటీ పిలవలేదు. క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడని కారణం చెప్పారు. జాతి ప్రసక్తి ఏమీ లేదు. ఓదార్పుగా వచ్చిన పిలుపు ఆరెంజ్ బౌల్ నుంచి. చాలామంది ఆటగాళ్లు తప్పుకోగా ఆ జట్టు అక్కడ జార్జియా చేతిలో 63-3తో ఓడింది. 2024 నుంచి నాలుగును పన్నెండు చేశారు. అందులో అయిదు స్థానాలు కాన్ఫరెన్సు విజేతలవి, మిగిలిన ఏడింటినీ ఎవరికివ్వాలో ఇప్పటికీ ఒక గదిలో కూర్చున్న కమిటీయే తేలుస్తుంది.